కమ్యూనిజం అంటే పాత దొరతనమేనా, పేరు మారిందంతేనా?

సందేహాల_పుట్ట
మొన్న ఆదివారం మా బాబాయితో పెద్ద వాదన అయింది. ఆయన మాట ఇది: మధ్యయుగాల యూరప్‌లో రైతుకి సొంత భూమి లేదు, అంతా ప్రభువుది. కమ్యూనిజంలోనూ రైతుకి సొంత భూమి లేదు, అంతా సర్కారుది. అక్కడా బజారుతో పని లేదు, ఇక్కడా లేదు. రెండు చోట్లా చచ్చినట్టు పని చేయాల్సిందే. "ప్రభువు పోయి పార్టీ వచ్చింది, అంతే కదరా" అన్నారు. మార్క్స్, ఎంగెల్స్ కలిసి 1848లో రాసిన కమ్యూనిస్టు ప్రణాళిక డిగ్రీలో చదివినవాణ్ణే, కానీ కంచం ముందు కూర్చుని ఒక్క జవాబూ చెప్పలేకపోయాను. అప్పట్నుంచి అదే బుర్రలో తిరుగుతోంది.

ఇప్పటి పార్టీల గొడవ వద్దు. మార్క్స్, ఆయనకి ముందువాళ్లు చెప్పిన ఆర్థిక సిద్ధాంతాన్నీ, ప్రభువుల కింద రైతులుండే ఆ పాత ఫ్యూడల్ పద్ధతినీ పక్కపక్కన పెట్టి ఎవరైనా వివరంగా చెప్పగలరా?

గోదారి_గట్టు
మీ బాబాయి సగం రైటు. ఏ సగమో తేల్చడమే కష్టం.

పాత_దస్త్రం
ముందు ఆయన మొదటి మాటనే సవరించాలి. "రైతుకి భూమి లేదు" అనేది పూర్తి నిజం కాదు.

13వ శతాబ్దపు ఇంగ్లండులో ఒక ఊరు అనుకోండి. ఊరి చుట్టూ రెండో మూడో పెద్ద పొలాలు. మూడు ఉన్నచోట ఒకదాంట్లో గోధుమ, ఇంకోదాంట్లో బార్లీయో ఓట్సో బఠాణీయో, మూడోది బీడు. ఏటేటా మారుస్తారు. ప్రతి కుటుంబానికీ అన్ని పొలాల్లోనూ పొడుగ్గా సన్నటి చెక్కలు కొన్ని ఉంటాయి. తండ్రి తర్వాత కొడుకు వాటిని దున్నుకుంటాడు. హక్కు ప్రభువుదే, కానీ ఊరి ఆచారం రైతుకి అండగా ఉండేది. నాగలి, పశువులు రైతువే. ఊరుమ్మడి పచ్చిక బయలుంది, అక్కడ ఆవుని మేపుకోవచ్చు, అడవిలో కట్టెలు ఏరుకోవచ్చు.

బదులుగా వారానికి రెండు మూడు రోజులు ప్రభువు సొంత పొలంలో కూలి లేకుండా పని చేయాలి. కోతలప్పుడు ఇంకా ఎక్కువ. కూతురి పెళ్లికి ప్రభువుకి రుసుము కట్టాలి. పిండి ప్రభువు మరలోనే ఆడించాలి. చర్చికి పదో వంతు. ఇంటి పెద్ద చనిపోతే దొడ్లో ఉన్న మంచి పశువుని ప్రభువు మనుషులు తోలుకుపోతారు. శవం లేచిన ఇంట్లోంచి ఆవుని విప్పుకెళ్లడం! ఆ ఒక్కటి చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

అన్నిటికీ మించి, ప్రభువు ఒప్పుకోనిదే ఊరు విడిచి పోకూడదు.

ఓరుగల్లు_బిడ్డ
వారానికి రెండు మూడు రోజులని లెక్క ఉండడమే నాకు వింతగా ఉంది. మా తాత చెప్పిన వెట్టికి లెక్కా పత్రం లేదు. గడీ నుంచి కబురొస్తే చేతిలో ముద్ద వదిలేసి పోవాలట. దొర మడి తడిసినాకే తన మడికి నీళ్లు. ఒక ఏడు అలాగే కళ్లముందు నారు ఎండిపోయిందని చెప్పేటప్పుడు, అరవై ఏళ్ల తర్వాత కూడా ఆయన గొంతు వణికేది.

1946 నుంచి 51 దాకా తెలంగాణలో కమ్యూనిస్టులు నడిపిన సంఘంతో కలిసి జనం కొట్లాడింది ఈ వెట్టి మీదే. మా తాతకి పుస్తకాలు తెలియవు. సంఘం వచ్చింది, వెట్టి పోయింది, ఆయనకి కమ్యూనిజం అంటే అదే. అందుకే "రెండూ ఒకటే" అంటే నేను ఒప్పుకోలేను.

లెక్కల_మాస్టారు
లెక్క కాగితం మీద ఉండడం వేరు, పొలంలో అమలవడం వేరమ్మా. మార్క్స్ దీన్నే తన 'పెట్టుబడి' పుస్తకం మొదటి సంపుటంలో, పనిదినం గురించిన అధ్యాయంలో, అంకెలతో చూపించాడు.

ఆయన తీసుకున్నది వలాకియా, ఇప్పటి రుమేనియాలో ఉంది. అక్కడ 1831లో ఒక శాసనం చేశారు. రైతు ఏడాదికి 12 రోజులు భూస్వామికి వెట్టి చేయాలి. ఒక రోజు పొలం పని, ఒక రోజు కట్టెలు తోలడం అదనం. మొత్తం 14 రోజులు. వినడానికి ఏముంది, రెండు వారాలే కదా. కానీ "ఒక రోజు పని" అంటే ఎంతో కూడా ఆ శాసనమే రాసింది. ఆ పని తెమలాలంటే మూడు రోజులు పడుతుంది. 14 కాస్తా 42 అయింది. దీనిమీద ఊరు మొత్తం నుంచి దొర అవసరాలకి మనుషుల్ని పంపాలి, అది తలకి ఇంకో 14 రోజులు. మొత్తం 56.

చలీ వానా ఆదివారాలూ పోను అక్కడ సేద్యానికి దొరికేది 140 రోజులు. అందులో 56 దొరకి, మిగిలిన 84 తన ఇంటికి. 84కి 56, అంటే దాదాపు 67 శాతం. ఇదీ దోపిడీ రేటు. ఇంగ్లండు ఫ్యాక్టరీ కూలీ మీద పడుతున్న రేటు ఇంతకన్నా చాలా ఎక్కువని కూడా అక్కడే రాశాడు.

అసలు సంగతి ఇక్కడుంది. ఫ్యూడల్ రైతుకి తను ఎప్పుడు తనకోసం చేస్తున్నాడో, ఎప్పుడు దొరకోసం చేస్తున్నాడో తెలుసు. గట్టు ఇవతల తనది, అవతల దొరది. ఫ్యాక్టరీలో ఆ గట్టు కనిపించదు. 12 గంటలు చేస్తే 12 గంటలకీ కూలి ఇచ్చినట్టే ఉంటుంది. సగం రోజుకే తన కూలి పైసలు పుట్టాయనీ మిగతా సగం యజమానికి పోయిందనీ లెక్క కడితే తప్ప తేలదు. కనిపించని దాన్ని చూపించడానికి మార్క్స్ కనిపించే దాన్ని పక్కన పెట్టుకున్నాడు. ఫ్యూడల్ పద్ధతి ఆయన సిద్ధాంతానికి నల్లబల్ల మీద గీసిన బొమ్మ లాంటిది.

గోదారి_గట్టు
మాస్టారూ, మీ క్లాసు పిల్లలు అదృష్టవంతులు. శాతాల లెక్కలో దొరని పట్టుకోవడం ఇప్పుడే చూస్తున్నా.

కృష్ణా_కరకట్ట
నేను బాబాయి పక్షం. సిద్ధాంతం ఎంత బాగున్నా ఊళ్లో దిగినప్పుడు ఏమైందో చూడాలి కదా.

రష్యాలో 1649 నాటి చట్టంతో రైతుని భూమికి పూర్తిగా కట్టేశారు. 1861లో విడుదల చేశారు, అదీ 49 ఏళ్ల వాయిదాల మీద. తమ తాతలు దున్నిన నేలకే మళ్లీ డబ్బు కట్టించుకున్నారు. విప్లవం వచ్చింది, భూమి పంచారు. 1929లో ఉమ్మడి క్షేత్రాల్లోకి బలవంతంగా తోయడం మొదలైంది. 1932 డిసెంబరులో దేశంలోపల తిరగడానికి పాస్‌పోర్టులు పెట్టారు. పట్నాల వాళ్లకి ఇచ్చారు, ఉమ్మడి క్షేత్రాల రైతుల్లో ఎక్కువమందికి ఇవ్వలేదు. వాళ్లకి కూడా ఇవ్వాలని 1974లో గానీ నిర్ణయించలేదు.

పాత_దస్త్రం గారు "ఊరు విడిచి పోకూడదు" అన్నారే, అదే ఇది. అప్పట్లో అక్కడ ఏలుతున్న బోల్షివిక్కుల, అంటే కమ్యూనిస్టుల, పార్టీ పేరులోని పొడి అక్షరాలకి రష్యా రైతులు వేరే అర్థం చెప్పుకునేవారు: "బోల్షివిక్కుల రెండో సెర్ఫ్‌డమ్" అని. మన భాషలో రెండో వెట్టి. ఈ మాట అన్నది నేను కాదు, మా బాబాయిలూ కాదు, అక్కడ పొలంలో పనిచేసినవాళ్లు.

సందేహాల_పుట్ట
ఇది గట్టి మాట. దీనికి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు.

పాత_దస్త్రం
కరకట్ట గారూ, జరిగింది కాదనను. కానీ అడిగింది తొలినాటి సిద్ధాంతం గురించి. 1932ని 1848కి అంటగడితే ఎటూ తేలదు. ఇంకా వెనక్కి పోదాం. బబూఫ్ అని ఒకాయన ఉన్నాడు, మన దగ్గర పెద్దగా ఎవరూ తలుచుకోరు.

ఫ్రాన్సులో పికార్డీ ప్రాంతం, 1760లో పేద ఇంట్లో పుట్టాడు. విప్లవానికి ముందు ఆయన ఉద్యోగం ఏమిటో తెలుసా? ప్రభువుల దస్త్రాలు తిరగేయడం. ఏ రైతు తాత ఎన్ని కుంచాలు బాకీ, ఏ మడి మీద ఏ రుసుము, నూరేళ్లుగా అడగడం మర్చిపోయిన బాకీ ఏదైనా ఉందా అని పాత తోలు కాగితాల్లోంచి ఏరి తీసి ప్రభువుకి జాబితా రాసివ్వాలి. మన ఊళ్ల కరణం పనికి దగ్గరగా ఉంటుంది, ఇంకా కఠినం. 1780ల్లో ప్రభువులకి డబ్బు అవసరం పెరిగి, ఇలాంటి వాళ్లని పెట్టుకుని పాత బాకీలు మళ్లీ తవ్వించేవారు.

ఆ పని చేస్తూ చేస్తూనే ఆయనకి కళ్లు తెరుచుకున్నాయి. పెద్దల ఆస్తి ఎలా పుట్టిందో ఆ దస్త్రాల దుమ్ములోనే తెలుసుకున్నానని తర్వాత తనే రాసుకున్నాడు. 1789లో రైతులు కోటల మీద పడి మొదట తగలబెట్టినవి ఆ దస్త్రాలనే. ఆగస్టు 4 రాత్రి ఫ్యూడల్ హక్కుల రద్దు ప్రకటించారు. పరిహారం మాట లేకుండా పూర్తిగా తుడిచిపెట్టేసరికి 1793 జులై అయింది. అప్పుడు కూడా బబూఫ్ ఆగలేదు. ప్రభువు పోయినా భూమి ఉన్నవాడు ఉన్నాడు, లేనివాడు లేడు, ఇది చాలదన్నాడు. ఆయన పథకం ఏమిటంటే, ఎవరి పని వాళ్లు చేసి పండించిందంతా ఉమ్మడి కొట్టుకి తేవాలి, అక్కడ నుంచి అందరికీ సమానంగా పంచాలి. 1796లో కుట్ర కేసులో పట్టుకుని 1797 మే 27న గిలటిన్ ఎక్కించారు.

అంటే తొలి కమ్యూనిస్టుల్లో ఒకడు ఫ్యూడల్ లెక్కల గుమస్తా. ఆ పద్ధతిని ఆయన ఎక్కడో విని రాయలేదు, ఒక్కో బాకీ తన చేత్తో రాశాడు.

బడి_గంట
బబూఫ్ గురించి ఇప్పుడే వింటున్నా. ఇంకా రాయండి సార్.

సందేహాల_పుట్ట
బబూఫ్ గారి ఉమ్మడి కొట్టు నన్ను మళ్లీ బాబాయి దగ్గరికే తీసుకెళ్తోంది. ప్రభువు గాదెకీ ఆ కొట్టుకీ తేడా ఏమిటి? రెంటికీ ధాన్యం మోసుకెళ్లాల్సిందే. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

కృష్ణా_కరకట్ట
అదీ ప్రశ్న!

లెక్కల_మాస్టారు
దీనికి దగ్గరగా మార్క్స్ 1875లో ఒక చోట రాశాడు, గోథా కార్యక్రమం అనే జర్మనీ కార్మిక పార్టీ పత్రం మీద విమర్శలో. శ్రమ ఫలం మొత్తం శ్రామికుడికే అని ఆ కార్యక్రమంలో ఉంటే, అది కుదరదని ఆయనే అన్నాడు. పంచడానికి ముందు కొంత తీసి పక్కన పెట్టాలి. అరిగిపోయిన పనిముట్లకి బదులు కొనాలి, ఉత్పత్తి పెంచుకోవాలి, కరువూ ప్రమాదాలూ వస్తే నిల్వ ఉండాలి, బడికీ ఆసుపత్రికీ కావాలి, పని చేయలేని వాళ్లకి పెట్టాలి.

మన కల్లంలో చూడండి. రాశి నూర్చాక ఇంటికి తోలుకుపోయే ముందు కమ్మరికి, వడ్రంగికి, చాకలికి మేర కొలిచి ఇచ్చేవారు. దొరకి కొలిచేదీ ఆ రాశి నుంచే. మేర తీసిన గింజా, దొరకి పోయిన గింజా చూడ్డానికి ఒకటే. మేర మాత్రం నాగలి చెక్కిన చేతికి పోతోంది, ఏడాదంతా మళ్లీ పనిగా తిరిగొస్తోంది. మార్క్స్ చెప్పిన తీసివేతలు ఆ మేర లాంటివి. ప్రభువు తీసుకున్నది గాదెలోకి పోయేది, అక్కడ నుంచి కోటకీ గుర్రాలకీ యుద్ధాలకీ పోయేది.

కృష్ణా_కరకట్ట
బాగుంది. కానీ ఆ మేర ఎంతో నిర్ణయించేది ఎవరు మాస్టారూ? కొలిచేవాడి చేతిలో కుంచం ఉంటే మేర కూడా శిస్తు అయిపోతుంది. మన ఊళ్లలో కూడా చాకలికీ మంగలికీ పోసిన మేర ఎంత చిన్నదో వాళ్లనే అడగండి.

లెక్కల_మాస్టారు
కాదనను. నేను మేరని మరీ అందంగా చూపించాను. కులం కట్టేసిన పనికి ఇచ్చే గింజలు అవి, వద్దనే హక్కు వాళ్లకీ లేదు.

ఓరుగల్లు_బిడ్డ
ఈ మాట ఎవరో ఒకరు అంటారని చూస్తున్నా. థాంక్స్ కరకట్ట గారూ.

పరిగె_గింజ
ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నా. గాదె గురించీ కొట్టు గురించీ మాట్లాడారు, కోత అయ్యాక పొలంలో రాలిపోయిన వెన్నుల మాట ఎవరూ ఎత్తలేదు.

మా అమ్మమ్మకి గజం భూమి లేదు. వరికోతలు అయ్యాక, పనలు కల్లానికి చేరాక, తెల్లారకముందే పొలంలోకి దిగేది. నడుం వంచి మోళ్ల మధ్య ఒక్కో వెన్ను ఏరేది. మోడు గుచ్చుకుని కాళ్లన్నీ గీరుకుపోయేవి. కొంగులో మూటగట్టిన పరిగె ఇంటికి తెచ్చి కాళ్లతో నలిపి చేటలో చెరిగేది. రోజంతా ఏరితే శేరు, శేరున్నర. రైతు చూసినా ఏమనేవాడు కాదు. పరిగె ఏరుకునేది పేదోళ్ల హక్కని ఊరంతటికీ తెలుసు. రాసిన చట్టం ఏమీ లేదు.

మధ్యయుగపు యూరప్‌లో కూడా ఇదే ఆచారం ఉండేది. కోత తర్వాత పరిగె, అడవిలో ఎండు పుల్లలు, ఊరుమ్మడి బీడులో మేత. దొర ఎంత చెడ్డవాడైనా ఆ పద్ధతిలో పేదోడికి మిగిలిన సందు అది. ఆ సందుని మూసింది తర్వాత వచ్చినవాళ్లు. ఇంగ్లండులో బీళ్లకి కంచెలు వేశారు, 1788లో అక్కడి కోర్టు పరిగె ఏరడం చట్టప్రకారం హక్కు కాదని తేల్చేసింది.

ఇంకో సంగతి. మార్క్స్‌ని ఆర్థిక విషయాల్లోకి మొదట లాగింది ఎండు పుల్లలే. 1842లో ఆయనకి 24 ఏళ్లు, పత్రికలో రాస్తున్నాడు. జర్మనీలోని రైన్ ప్రాంతపు సభలో, అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడాన్ని కూడా దొంగతనం కింద లెక్కగట్టాలని చర్చ నడిచింది. దాన్ని ఆయన దుయ్యబట్టాడు. చెట్టు నుంచి రాలిన పుల్ల పాము విడిచిన కుబుసం లాంటిది, ఇక అది చెట్టుది కాదన్నాడు. పిల్లలు ఏరుకునే అడవి పళ్ల మీద కూడా కన్నేశారని రాశాడు. తనని ఆర్థిక ప్రశ్నల వైపు మొదట నడిపించింది ఈ గొడవేనని 1859లో తనే చెప్పుకున్నాడు.

బబూఫ్‌కి దస్త్రాలు, మార్క్స్‌కి పుల్లలు. ఇద్దరూ బయల్దేరింది ఫ్యూడల్ ఊరి నుంచే. కాకపోతే ఆ ఊళ్లో ప్రభువు గాదె వాళ్లకి నచ్చలేదు. ఊరుమ్మడి బీడూ రాలిన పుల్లా నచ్చాయి. వాటినే పెద్దవి చేసి లోకమంతటికీ కావాలన్నారు. నాకు అర్థమైంది ఇంతే.

ఓరుగల్లు_బిడ్డ
అక్కా, కళ్లు తడిచాయి.

గోదారి_గట్టు
నేను మొదట్లో సగం రైటు అన్నాను కదా, మిగతా సగం దొరికింది.

సముద్రం_అవతల
దీనికి కలిపి ఒకటి. రష్యా పల్లెల్లో ఉమ్మడి భూమి ఆచారం చాలాకాలం నిలిచింది. కుటుంబాలు పెరిగేకొద్దీ చెక్కలు మళ్లీ పంచుకునేవారు. వెరా జసూలిచ్ అనే విప్లవకారిణి 1881లో మార్క్స్‌కి ఉత్తరం రాసింది: ఈ ఊరుమ్మడి భూమి పోయి, అందరూ కూలీలై, పెట్టుబడిదారీ వచ్చాకే సోషలిజం వస్తుందా, లేక ఇక్కడి నుంచే నేరుగా పోవచ్చా అని. మార్క్స్ చిత్తుప్రతుల మీద చిత్తుప్రతులు రాసి, చివరికి చిన్న జవాబు పంపాడు. తన పుస్తకంలోని విశ్లేషణ పశ్చిమ యూరప్‌కే పరిమితమనీ, చుట్టూ పట్టి పీడిస్తున్న శక్తుల్ని తొలగిస్తే ఆ ఊరుమ్మడి వ్యవస్థే రష్యాకి ఆధారం కాగలదనీ. పరిగె_గింజ గారి మాటకి ఇది దగ్గరగా ఉంది.

బడి_గంట
1525 జర్మనీ రైతుల తిరుగుబాటు కూడా చూడండి. మెమ్మింగెన్‌లో వాళ్లు రాసుకున్న పన్నెండు కోరికల్లో వేట, చేపలు, అడవి కట్టెలు, లాక్కున్న ఊరుమ్మడి బీళ్లు తిరిగివ్వాలని ఉంది. పాత_దస్త్రం గారికి కడుపు తరుక్కుపోయిన చావు పన్ను రద్దు చేయాలన్నది అందులో పదకొండోది. 1850లో ఎంగెల్స్ ఆ తిరుగుబాటు మీదే ఒక పుస్తకం రాశాడు.

ఇంకోటి. ప్రణాళికలోనే ఫ్యూడల్ సోషలిజం అని ఒక భాగం ఉంది. పెట్టుబడిదారుల మీద కోపంతో పాత ప్రభువులు పేదల పక్షం వహించినట్టు మాట్లాడేవారు. జనం వెనకాలే వెళ్లి, వాళ్ల వీపు కింద పాత రాజముద్రలు చూసి పగలబడి నవ్వి వెళ్లిపోయారని అక్కడ రాశారు. "మళ్లీ పాత రోజులు" అన్నవాళ్లని మార్క్స్, ఎంగెల్స్ 1848లోనే వేరు చేశారన్నమాట. సందేహాల_పుట్ట గారు డిగ్రీలో చదివిన పుస్తకంలో మూడో భాగం, ఒకసారి తీసి చూడండి.

కృష్ణా_కరకట్ట
పరిగె_గింజ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా నాయనమ్మ కూడా ఏరేది. అందుకే ఇది చెప్పక తప్పదు.

1932 ఆగస్టు 7న సోవియట్‌లో ఒక చట్టం వచ్చింది. ఉమ్మడి క్షేత్రం ఆస్తిని దొంగిలిస్తే కాల్చివేత, కనికరిస్తే పదేళ్లకి తగ్గని ఖైదు. కోత అయిన పొలంలో రాలిన వెన్నులు ఏరుకున్నవాళ్ల మీద కూడా దీన్ని వాడారు. అందుకే జనం దాన్ని వెన్నుల చట్టం అన్నారు. ఆ చలికాలమే ఉక్రెయిన్‌లో, ఇంకా చాలా చోట్ల లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు.

1842లో రాలిన పుల్ల కోసం వాదించిన మనిషి పేరు చెప్పుకునే రాజ్యం, తొంభై ఏళ్ల తర్వాత రాలిన వెన్ను మీద కేసు పెట్టింది. నేను బాబాయి పక్షం నుంచి పూర్తిగా దిగలేను.

పరిగె_గింజ
దిగొద్దు. ఆ చట్టం చేసినవాళ్లని నేనూ క్షమించను. మార్క్స్ 1842లో ఏ సభని తిట్టాడో ఆ సభ పనే వాళ్లూ చేశారు.

పాత_దస్త్రం
కరకట్ట గారూ, 1932 తీసుకురావద్దని అన్నది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఒక్క చట్టం పక్కన పెట్టకుండా 1842 వ్యాసం చదవకూడదు.

సందేహాల_పుట్ట
అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఇదంతా రాత్రి బాబాయికి ఫోన్లో చదివి వినిపించాను. గంటంపావు పట్టింది. కరకట్ట గారి చోట "చూశావా" అన్నారు. బబూఫ్ దగ్గర ఏమీ అనలేదు. పరిగె దగ్గరికి వచ్చేసరికి ఆగమని, ఆ ముక్క మళ్లీ చదవమన్నారు. చిన్నప్పుడు ఆయనా అక్కా కలిసి పరిగె ఏరి, ఆ గింజలు కొట్లో ఇచ్చి మరమరాలు కొనుక్కునేవారట. నాకు ఈ సంగతి ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

ఆ పుల్లల వ్యాసం తెలుగులో ఉందేమో కనుక్కోమన్నారు. ఎవరి దగ్గరైనా ఉందా?

లెక్కల_మాస్టారు
నా దగ్గర లేదు. ఇంగ్లీషులో ఉంది, వారానికి రెండు పేజీల చొప్పున ఇక్కడే తెలుగు చేసి పెడతాను. తప్పులు పాత_దస్త్రం గారు దిద్దాలి.

పాత_దస్త్రం
పెట్టండి. కుబుసం దగ్గర నుంచి మొదలుపెడదాం.